కదిలేదానికే బొట్టు

టెస్టరు కొత్తగా జేబులో పెట్టుకుని ఇళ్లకు తిరుగుతున్న పిల్లలూ, మీకు గొప్ప విషయం ఏదో చెప్పబోతున్నానని అనుకోకండి. నా పని జీవితంలో చివరి పెద్ద పని ఒక కాలింగ్ బెల్లు. దాన్ని నాలుగుసార్లు బాగుచేశాను. నాలుగుసార్లూ నేనే పాడుచేశాను. ఈ రెండో సంగతి నాకు ఆఖరున గాని తెలియలేదు. మీకు మొదట్లోనే చెప్పేస్తున్నానంటే, దాచిపెట్టి చెప్పే ఓపిక నాకు లేదు. పైగా మన ఉధ్నా పేటలో ఈ కథ తెలియని టీకొట్టు లేదు.

మాది తెలంగాణ నుంచి సూరత్‌కు బతుకుదెరువుకు వచ్చిన నేతపనివాళ్ల కుటుంబం. నాన్న మగ్గం నడిపాడు, అమ్మ కండెలు చుట్టింది. నాకేమో నూలు దగ్గరికి పోతే తుమ్ములు. అందుకని మగ్గం ముందు కూర్చోకుండా మగ్గం కిందికి దూరాను, అంటే మోటార్లు బాగుచేసే పని పట్టాను. ముప్పై ఏళ్లు ఉధ్నా మగ్గాల షెడ్లలోనే గడిచాయి. వంద మగ్గాలు ఒకేసారి దడదడలాడుతుంటే గుమ్మంలో నిలబడి, ఏ మూల మోటారుకు జబ్బు చేసిందో చెవితో చెప్పేవాణ్ణి. ఇంట్లో నా భార్య పిలిస్తే మాత్రం వినపడదు. అది చెవుడు కాదు, బద్ధకం అంటుంది ఆవిడ.

షెడ్లు వదిలాక ఇళ్ల పనులు మొదలుపెట్టాను. నా జోడీగా పనిచేసినతను నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, నన్ను పెద్దన్నా అంటాడు. మంచివాడే, కాని ఏ ఇంట్లో ఏది పాడైనా ముందు వైఫై చూద్దాం అంటాడు. ఫ్యాను తిరగకపోయినా అదే మాట. నేనేమో ఏది పాడైనా ముందు కరెంటు చూద్దాం అంటాను. మా ఇద్దరి మధ్యా పడి చాలా ఇళ్లు బాగుపడ్డాయి. ఎవరి వల్ల బాగుపడ్డాయో ఏనాడూ తేలలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నా పనిసంచిలో శ్రావణం, స్క్రూడ్రైవర్లతోపాటు ఒక చిన్న రేకు డబ్బీ ఉండేది. అందులో బొట్టు. ఏ పని ముగించినా, బాగైన సామానుకు ఒక బొట్టు పెట్టి గాని ఇంట్లోంచి కదిలేవాణ్ణి కాదు. అది మా అమ్మ నేర్పింది. దసరాకు అందరూ మగ్గం చట్రానికి బొట్లు పెడితే, మా అమ్మ అటూ ఇటూ పరుగెత్తే నాడెకు పెట్టేది. "నిలబడేదానికి ఎందుకు బిడ్డా? కష్టం జేసేది అది కాదు. కదిలేదానికే బొట్టు" అనేది. మగ్గం అదురుకు వట్టి పసుపు రాలిపోతుంది. అందుకని పడుగుకు పట్టించే గంజిలో పసుపూ కుంకుమా కలిపి పెట్టేది. ఆ బొట్టు ఒకసారి ఆరిందంటే మళ్లీ దసరా దాకా ఊడేది కాదు. నేనూ అదే పద్ధతి. నా భార్య వారానికోసారి గంజి కాచి ఇచ్చేది. ఫ్యానుకు రెక్క మీద, మోటారుకు షాఫ్టు మీద, కుట్టుమిషనుకు చక్రం మీద. ఇన్నేళ్లలో ఒక్క మిషను కూడా ఏమిటయ్యా ఇది అని అడగలేదు.

ఇక బెల్లు సంగతి. నేను షెడ్లలో ఉన్నప్పుడు నా కళ్లముందు కూలికి మగ్గం నడిపిన ఒకతను, తర్వాత సొంతంగా నాలుగు మగ్గాలు పెట్టుకుని, ఆల్థాన్‌లో నాలుగో అంతస్తులో ఫ్లాటు తీసుకున్నాడు. మెత్తని మనిషి. నన్ను అన్నా అంటాడు. ఆయనకు ఒక్కతే కూతురు, బ్యాంకులో పని. చిన్నప్పుడు నా టెస్టరు లాక్కుని గోడలకు గుచ్చిన పిల్ల ఇప్పుడు ఇంట్లో దీపాలన్నీ ఫోనుతోనే వెలిగిస్తుంది. ఆ పిల్ల కెమెరా ఉన్న కాలింగ్ బెల్లు తెప్పించి నన్ను పిలిచింది.

బయట నొక్కితే వచ్చినవాళ్ల మొహం ఫోనులో కనపడుతుంది, మాట వినపడుతుంది. లోపల గోడ మీద డింగ్‌డాంగ్ డబ్బా మోగుతుంది. ఆ డబ్బాలో పెద్ద విద్యేమీ లేదు. రెండు లోహపు పట్టీలు, వాటి మధ్య వేలంత ఇనుప కడ్డీ. బెల్లు నొక్కితే తీగచుట్ట ఆ కడ్డీని లాగుతుంది, అది ఒక పట్టీని కొట్టి డింగ్ అంటుంది. వదిలితే వెనక్కి వచ్చి రెండోదాన్ని కొట్టి డాంగ్ అంటుంది. దీనికి ఇంటి కరెంటు నేరుగా ఇవ్వకూడదు, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి పదహారు వోల్టులకు దించాలి. అంతా చేశాను. నా జోడీదారు ఫోనులో యాప్ సర్దాడు. బయట నొక్కితే లోపల బ్రహ్మాండంగా మోగింది. పిల్ల తల్లి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "గుడి గంట లెక్క మంచిగ మోగుతున్నదన్నా" అంది.

నేను డబ్బీ తీశాను. ఆ డబ్బాలో కదిలేది ఏది? కడ్డీ. ఉంగరపు వేలితో నిండుగా ఒక బొట్టు పెట్టి, మూత బిగించి ఇంటికి వచ్చాను.

పది రోజుల తర్వాత ఆ పిల్ల ఉధ్నాలో మా కొట్టుకే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

"ముందుగాల ఇది చూడు కాకా. తర్వాత మాట్లాడుదాం."

ఫోనులో వాళ్ల బెల్లు కెమెరా తీసిన వీడియో. తెర నిండా ఒక ముసలావిడ మొహం, అందులో ముప్పాతిక వంతు ముక్కే. కెమెరాకు అంత దగ్గరగా నిలబడింది. వెనక ఒకాయన ఆ బెల్లు అద్దంలో చూసుకుంటూ దువ్వెనతో తల దువ్వుకుంటున్నాడు. ఆయన పక్కన ఒకావిడ మిఠాయి డబ్బా పట్టుకుని ఉంది. ఇంకా వెనక ఒక కుర్రవాడు చెవి దగ్గర ఫోను పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. ముసలావిడ బెల్లు నొక్కింది. కాసేపు ఆగింది. మళ్లీ నొక్కింది. తర్వాత నేరుగా నా కళ్లలోకి చూస్తూ గుజరాతీలో అన్న మాటలు మీకోసం తెలుగులో చెప్తున్నాను: "మనల్ని రమ్మని పిలిచి వీళ్లు పడుకున్నారు. ఇప్పుడే తలుపు తీయనివాళ్లు, రేపు నా మనవడు అల్లుడై వస్తే తీస్తారా?"

సంగతి ఏమిటంటే, ఆ కుర్రవాడూ ఈ పిల్లా ఒకే బ్యాంకు. ఒకరినొకరు ఇష్టపడ్డారు. వాళ్లు గుజరాతీలు, ఊరి శివార్లలో కడోదరాలో ఉంటారు. ఆ ఇంట్లో మాట చెల్లేది ముసలావిడది, కుర్రవాడి నాయనమ్మది. అందరూ ఆమెను బా అని పిలుస్తారు. మొదటిసారి పిల్లను చూడ్డానికి ఆ రోజు వచ్చారు. ఈ ఇంట్లో తల్లి ఉదయం నుంచి సర్వపిండీ, సకినాలూ చేసి పెట్టింది, బజారు నుంచి గుజరాతీల ఫలహారం ఖమణ్ తెప్పించింది. పెద్దలు వచ్చే వేళకు అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఫోన్లు చేతుల వట్టుకొని కూసుంటే ఏం మర్యాదనే" అన్నదట.

అంటే ఇక వాళ్లను పిలవగలిగింది గోడమీద డబ్బా ఒక్కటే. అది పిలవలేదు. కుర్రవాడి పంతొమ్మిది కాల్స్ బీరువాలో పట్టుచీరల మధ్య మౌనంగా వచ్చి పోయాయి. తలుపు కొడదామంటే ముందున్న జాలీ గేటుకు లోపల గడియ. గట్టిగా పిలుద్దామంటే వంటింట్లో చట్నీ కోసం మిక్సీ. వాళ్లు అలా నిలబడి నిలబడి కడోదరాకు వెళ్లిపోయారు. ఇంట్లోవాళ్లు సాయంత్రం దాకా కొత్త బట్టల్లో కూర్చుని, ఇంకా రాలేదేమిటి అనుకున్నారు.

"నేను వాళ్లకు ఫోన్ చేసి మాఫీ అడిగిన కాకా. బా ఒక్కటే మాట అన్నది. మల్ల ఒక్కసారి వస్తరట, వచ్చే ఆదివారం. ఫోన్ గీన్ ఏం చెయ్యదట. బెల్లు నొక్కుతదట. తలుపు తెరుచుకుంటే సంబంధం, లేకుంటే లేదు. మూఢనమ్మకం అనుకుంటవో, పంతం అనుకుంటవో నీ ఇష్టం. ఆమె అన్నదంటే అన్నదే." నా చేతిలోంచి ఫోను వెనక్కి తీసుకుంది. "పోనీ, పాత బెల్లు ఉన్నది గదా. అదే పెట్టెయ్ కాకా."

పిల్లలూ, ఇక్కడ ఆగి నా మొహం చూడండి. నాలాంటివాడు అప్పుడు అనవలసిన మాట, సరే అమ్మా, పాత బెల్లే పెడతాను. నేను అన్న మాట ఇది: "నా మీద నమ్మకం లేదా బిడ్డా?" ఆ పిల్ల ఏం చెప్తుంది, ఉందనే చెప్పింది. అక్కడ చేసిందే నా పెద్ద తప్పు. కడ్డీది దాని తర్వాతే.

ఆ రోజే నేనూ నా జోడీదారూ ఆల్థాన్ వెళ్లాం. బయట నొక్కాను. ఫోనులో నా మొహం వచ్చింది గాని లోపల డబ్బా మోగలేదు. మూత తీశాను. నాకు ఒక అలవాటు ఉంది, ఏ సామాను మూత తీసినా ముందు కదిలేదాన్ని వేలితో ఒకసారి అటూ ఇటూ ఆడిస్తాను. కడ్డీని ఆడించాను. మొదట్లో కాస్త జిగటగా తగిలి, తర్వాత కదిలింది. కొత్త సామాను కదా, బిగువుగా ఉంటుందిలే అనుకున్నాను.

నా జోడీదారు అప్పటికే పిల్ల ఫోను తీసుకుని యాప్‌లోకి దూరాడు.

"దొరికింది పెద్దన్నా. లోపల ఎసుంటి డబ్బా ఉన్నదో యాప్‌ల చెప్పాలె. గిది తప్పు చూపిస్తున్నది. రాత్రికి రాత్రి అప్‌డేట్ అయి మారి ఉంటది." ఏదో నొక్కి, ఏదో మార్చి, "ఇగ కొట్టుండ్రి" అన్నాడు.

కొట్టాం. డింగ్‌డాంగ్. వాడు నావైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. వైఫై గెలిచింది. నేను డబ్బీ తీసి కడ్డీకి బొట్టు పెట్టి మూత వేశాను.

మంగళవారం పిల్ల తండ్రి ఫోను చేశాడు. పక్క ఫ్లాటావిడ బెల్లు కొట్టి కొట్టి పోయిందట, డబ్బా చప్పుడు చేయలేదట. ఈసారి నేను జోడీదారును ఫోను ముట్టుకోనివ్వలేదు. మూత తీసి, కడ్డీని ఆడించి, మీటరు పెట్టి చూశాను. ఊరికే ఉన్నప్పుడు పదహారు వోల్టులు, బెల్లు నొక్కితే పదకొండుకు పడుతోంది. కెమెరాకూ బెల్లుకూ కలిపి బలం చాలడం లేదన్నమాట.

"చూసినవా తమ్మీ, ఇది కరెంటు జబ్బు. నీ యాప్ గీప్ ఏం చేస్తది" అన్నాను.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి పెట్టాను. డింగ్‌డాంగ్. మనసు చల్లబడింది. మళ్లీ బొట్టు.

ఇందులో దగా ఏమీ లేదని గమనించండి. యాప్‌లో తప్పు నిజంగానే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ నిజంగానే చిన్నది. వెతికితే ప్రతి ఇంట్లో ఏదో ఒక తప్పు దొరుకుతుంది. దొరికిన తప్పే అసలు తప్పు అనుకోవడం మన పనిలో పెద్ద రోగం. నాకు ఆ రోగం బాగా ముదిరిన దశలో ఆ బెల్లు దొరికింది.

శనివారం పిల్ల ఫోను. బెల్లు మళ్లీ మోగడం లేదని ఏడ్చింది. రిక్షా పట్టుకుని వెళ్లేసరికి ఇంట్లో పెళ్లిచూపులకు ముందు రోజులా లేదు, సంతాపంలా ఉంది. తల్లి శనగపిండి కలుపుతూ మధ్యలో ఆపి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది.

తండ్రి మాత్రం మెల్లగా అన్నాడు. "అన్నా, నాకున్నది ఒక్కతే పోరి. మొన్న గా వీడియో చూసినంక అన్నం తింటలేదు. మంచిగ మోగితే మోగె, లేకుంటే నేనే తలుపు తీసి పెట్టుకొని కూసుంట."

"ఒద్దు బాపూ. బా బెల్లు నొక్కుడు అన్నది. తలుపు తీసి పెట్టుకుంటే బా దాన్ని ఒప్పుకోదు" అంది పిల్ల.

ఇక ఆ రోజు ఏ వైరూ వదల్లేదు. ప్రతి స్క్రూ విప్పి, ప్రతి కొస గీకి, మళ్లీ బిగించాను. నా జోడీదారు వైఫై డబ్బాను ఒక గదిలోంచి ఇంకో గదికి మోసుకుపోయి పెట్టాడు. ఇద్దరం ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. వాడు నన్ను పాతకాలపోడివి అన్నాడు, నేను వాణ్ణి ఫోనుకు పుట్టినోడివి అన్నాను. చివరికి డింగ్‌డాంగ్ మోగింది. పదిసార్లు కొట్టి చూశాం, పదిసార్లూ మోగింది. తల్లి మళ్లీ శనగపిండి కలపడం మొదలుపెట్టింది. మరునాడు పెద్దపని కదా అని, ఆ రోజు మామూలు కంటే రెండింతల బొట్టు పెట్టాను. మా అమ్మను తలుచుకుని మరీ పెట్టాను.

ఆదివారం నన్ను కూడా రమ్మంది పిల్ల. "నువ్వు డబ్బా కిందనే కూసో కాకా. గప్పుడు నాకు ధైర్యం" అంది. నేను తెల్లచొక్కా వేసుకుని, జేబులో టెస్టరూ బొట్టు డబ్బీ పెట్టుకుని, సరిగ్గా డబ్బా కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఈసారి కూడా ఫోన్లన్నీ బీరువాలోకే పోయాయి. నాది మాత్రం తల్లి వదిలింది, ఎందుకంటే నా జోడీదారు కింద గేటు దగ్గర కాపలా ఉన్నాడు. పదకొండు దాటాక వాడి ఫోను వచ్చింది.

"వచ్చిర్రు పెద్దన్నా. నలుగురు. ముసలామె ముందటున్నది. లిఫ్ట్ ఎక్కిర్రు."

ఇంట్లోవాళ్లంతా లేచి తలుపు వెనక వరసగా నిలబడ్డారు. తండ్రి, తల్లి, పట్టుచీరలో పిల్ల. తలుపు తీయడానికి వీల్లేదు, ఎందుకంటే బా ఇంకా బెల్లు నొక్కలేదు. నొక్కకముందే తీస్తే, కాచుకుని తీశారని తెలిసిపోతుంది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది. చెప్పుల చప్పుడు వినపడింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. తలుపుకు అటు నలుగురు, ఇటు నలుగురం, మధ్యలో రెండంగుళాల చెక్క. అందరం గోడమీద డబ్బావైపు చూస్తున్నాం.

డబ్బా మోగలేదు.

కాని నా తల మీద, చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దంలో, చాలా సన్నగా గుయ్ మంది. ఇంకెవరికీ వినపడలేదు. నాకు వినపడింది. అది నాకు ముప్పై ఏళ్లుగా తెలిసిన చప్పుడు. కరెంటు వచ్చి, లాగాలని చూసి, ఇరుసు బిగుసుకుపోయి కదల్లేని మోటారు ఏడ్చే ఏడుపు. షెడ్డులో ఆ చప్పుడు వింటే కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి, కరెంటు బాగానే ఉంది, కదిలేదేదో ఇరుక్కుంది అని.

కదిలేదేదో ఇరుక్కుంది. అప్పుడు నాకు డబ్బాలో ఏం జరిగిందో తెలిసింది.

"నొక్కింది. తలుపు తియ్యి" అని తండ్రికి గుసగుసగా చెప్పాను.

"మోగలే గదన్నా."

"మోగింది. నేను విన్న. తియ్యి జల్దీ."

తండ్రి తలుపు, జాలీ గేటు తీశాడు. బా ఇంకా బెల్లు మీద వేలు పెట్టే ఉంది. వీడియోలో కనపడ్డ ముక్కు అంత పెద్దదేమీ కాదు. నా భుజం దాకా ఉంటుంది మనిషి, కళ్లు మాత్రం చాలా చురుకు. లోపలికి రాలేదు. గడపకు అవతలే నిలబడి, గుజరాతీలో అడిగింది.

"బెల్లు మోగిందా? బయటికి వినపడలేదే."

"మోగింది బా" అన్నాడు తండ్రి. తల్లి కూడా తల ఊపింది. నేనూ ఊపాను. నేనైతే గట్టిగా ఊపాను.

"లేదు బా" అంది పిల్ల. ఒక అడుగు ముందుకు వేసింది. "మోగలేదు. మీరు వచ్చిన సంగతి మాకు ముందే తెలుసు. ఇక్కడే తలుపు వెనక నిలబడి ఉన్నాం. కాకకు చిన్న చప్పుడేదో వినపడి తలుపు తీయించాడు."

తల్లి కళ్లు మూసుకుంది. ఆ ముగ్గురి వెనక కుర్రవాడు గోడకు ఆనుకున్నాడు. బా మళ్లీ బెల్లు నొక్కింది. గుయ్. ఇంకోసారి నొక్కింది. గుయ్. ఈసారి తలుపు తీసి ఉంది గనక అందరికీ వినపడింది.

"ఆ డబ్బా మూత తీయండి" అంది.

కుర్చీ ఎక్కి మూత తీసింది నేనే. కంగారులో రెండు స్క్రూలు కింద పడేశాను. బా లోపలికి వచ్చి, కుర్చీ పక్కన నిలబడి, కళ్లద్దాలు సర్దుకుని పైకి చూసింది. కడ్డీ చివర నుంచి దాన్ని పట్టే గొట్టం దాకా, పెట్టిన బొట్టు మీద బొట్టు, గడ్డకట్టి ఎర్రటి పెంకులా ఉంది. అందులో కడ్డీ పాతుకుపోయిన మేకులా ఉంది.

"దీనికి చాందలో ఎవరు పెట్టారు?" అంది. చాందలో అంటే బొట్టు.

అబద్ధం ఆడటానికి నాకు మంచి అవకాశం ఉంది. దసరాకు ఎవరో పెట్టారనవచ్చు, డబ్బా అలాగే వచ్చిందనవచ్చు. అయితే ఎదురుగా ఆ పిల్ల నిలబడి ఉంది, ఒక్క నిమిషం కిందటే తన పెళ్లిని పణంగా పెట్టి నిజం చెప్పింది. దాని ముందు అరవై దాటిన నేను బొంకితే నా టెస్టరు నేనే మింగాలి. జేబులోంచి డబ్బీ తీసి చూపించాను.

"నేనే పెట్టాను బా. నాలుగుసార్లు. ఇందులో గంజి ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు మోగేది, ఆరాక అతుక్కుపోయేది. నేను వచ్చి మూత తీసి ఆడిస్తే విడిపోయేది. మళ్లీ పెట్టేవాణ్ణి. మీరు మొదటిసారి గుమ్మం ముందు నిలబడి నిలబడి వెనక్కి పోయింది నా వల్లే. ఈ ఇంటివాళ్ల తప్పు ఏమీ లేదు."

అంతా వినేదాకా ఆగింది బా. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక ముక్కుతో చప్పుడు చేశారు. చూస్తే నా జోడీదారు, ఎప్పుడు పైకి వచ్చాడో తెలియదు. "నిన్నంతా నేను వైఫై డబ్బా మోసిన పెద్దన్నా" అని మాత్రం అన్నాడు.

బా సోఫాలో కూర్చుంది. గడప దాటి వచ్చి మరీ కూర్చుందన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. తనకు పెళ్లయిన కొత్తలో, అత్తగారి ఎంబ్రాయిడరీ మిషనుకు పూజచేసి సూది నడిపే కడ్డీకి నిండుగా కుంకుమా నెయ్యీ రాసిందట. నెల రోజులు మిషను కుంటుతూ నడిచిందట. అత్తగారు ఇద్దరు మెకానిక్కులను తిట్టి వెళ్లగొట్టింది. తను మాత్రం చివరిదాకా నోరు విప్పలేదట.

"ఇన్నేళ్లయింది. ఇప్పుడే చెప్తున్నాను" అంది. ఆమె కొడుకు, అంటే బెల్లు అద్దంలో తల దువ్వుకున్న పెద్దమనిషి, ఆశ్చర్యంగా తల్లివైపు చూశాడు.

తర్వాత బా కొప్పులోంచి ఒక పిన్ను తీసి నాకు ఇచ్చింది. నేను కుర్చీ మీద నిలబడి గీకుతుంటే కింద నుంచి, అటు కాదు ఇటు, ఇంకాస్త లోపల అని పురమాయించింది. పెంకు పెంకుగా రాలింది. కడ్డీ జారింది. బా తనే వెళ్లి బయట నొక్కింది. డింగ్‌డాంగ్. మళ్లీ నొక్కింది. ఇక ఆపలేదు. ఆరేడుసార్లు అయ్యాక పక్క ఫ్లాటావిడ తలుపు తీసి ఎవరొచ్చారని చూసింది.

తిరిగి వచ్చి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇంత పెద్ద ఇంట్లో ఇద్దరే నిజం చెప్పారు. ఒకతెను నేను తీసుకుపోతాను. రెండోవాణ్ణి మీరే ఉంచుకోండి" అంది. పిల్ల తల్లి వంటింట్లోకి వెళ్లి అక్కడ ఏడ్చి, కళ్లు తుడుచుకుని, సర్వపిండి పళ్లెంతో వచ్చింది. నాకు కూడా కళ్లు తడిశాయి. కుర్చీ మీద ఉన్నాను కనుక ఎవరూ చూడలేదు. కుర్రవాడు మాత్రం బెల్లు వైపు భక్తిగా చూస్తూ కూర్చున్నాడు.

ఆ పెళ్లి అయింది. నా జోడీదారు ఇప్పుడు నాలుగు ఇళ్లు ఎక్కువే చూస్తున్నాడు, అందరికీ ఈ కథ చెప్పి మరీ పని పట్టుకుంటున్నాడు. నేను ఆ నెలలోనే పని మానేశాను. మీకు ఏమైనా నేర్పాలంటే ఇంతే నేర్పగలను. సామాను పాడైతే కరెంటు చూడండి, వైఫై చూడండి, అన్నీ చూశాక మీ చేతులు కూడా ఒకసారి చూసుకోండి.

ఇంకొక్క ముక్క మిగిలింది. ఆ రోజు భోజనాలయ్యాక వాళ్లు బయలుదేరుతుంటే బా గుమ్మంలో ఆగి, నా డబ్బీ ఇమ్మంది. ఇక దీన్ని పారేస్తుంది కాబోలు అనుకుని ఇచ్చాను. ఆమె మూత తీసి, వాసన చూసి, ఎందుకిలా కదిలేదానికే పెట్టావు అని అడిగింది. మా అమ్మ మాట చెప్పాను. తల ఊపింది, బాగానే చెప్పింది మీ అమ్మ అంది. తర్వాత ఉంగరపు వేలు ముంచి, మడమలు ఎత్తి, నా నుదుటిన నిండుగా ఒక బొట్టు పెట్టింది.

"ఇక మీదట ఇక్కడ పెట్టుకో. లోపల ఏమీ కదలదు, పాడయ్యే భయం లేదు."

మా అమ్మ నేర్పిన గంజి బొట్టు కదా, రెండు రోజులు ఊడలేదు. నేనూ ఊడదీయలేదు.